నాలుగో గొంతు

సంచీ మూడో మెట్టు మీద పడి, అక్కణ్ణుంచి దొర్లి, డ్రిల్లు మాస్టారి కాళ్ళ దగ్గర ఆగింది. అందులోంచి నీళ్ళ సీసా ఒకటి జారి, టకటకమంటూ మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ వీధి దాకా పోయింది.

"తీసుకుపొండి!" గుమ్మంలో నిలబడి అరిచింది వెల్డరు చెల్లెలు. "కొండకి ఆయన వేసుకెళ్ళిన సంచీ ఏడు వారాలు దాచి, ఉతికి, మడిచి తెచ్చారా? మనిషిని పోగొట్టి సంచీని భద్రంగా తెచ్చారు. ఎంత జాగ్రత్తపరులండీ మీరు!"

మాస్టారు వంగి సంచీ తీసుకుని దుమ్ము దులిపాడు. బడిలో వెయ్యిమంది పిల్లల్ని ఒక్క ఈలతో నిలబెట్టే మనిషి. ఇప్పుడు ఒక ఆడమనిషి ముందు, మెట్ల మీద, ఏ కాలు ముందుకు వెయ్యాలో తెలీక నిలబడ్డాడు.

వెల్డరు చెల్లెలి వెనకాల గదిలో ఉన్నాడు. కుట్టుమిషను మీద చెయ్యి వేసుకుని, ఆ మిషనుకి తనే కాపలా అన్నట్టు. పోయిన టైలరు అతనికి చెల్లెలి మొగుడు. అంతకంటే ముందు స్నేహితుడు. కొండలెక్కే స్నేహంలో పరిచయమైనవాణ్ణి ఇంటికి తెచ్చి, "వీడికంటే మంచివాడు దొరకడు" అని చెల్లెల్నిచ్చింది తనే.

"నేను లెక్కపెట్టానమ్మా," అన్నాడు మాస్టారు. "దారి చీలే చోట ఆగి, ఈల ఊది, పదకొండేళ్ళుగా ఎలా పెడుతున్నానో అలాగే పెట్టాను. ఒకటి నేను. రెండు ఫొటోలాయన. మూడు మీ అన్నయ్య. నాలుగు..."

"ఆఁ, చెప్పండి. నాలుగు?"

"నాలుగు వినపడింది."

"ఎవరి గొంతు?"

"ఆయనదే. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడినట్టు, ఒక పక్క నోటితో వచ్చే గొంతు. అది నాకు తెలీదా తల్లీ?"

చెల్లెలు ఉన్నట్టుండి చల్లబడింది. ఆమె అరుపు కంటే అది ఘోరంగా ఉంది.

"అదే నన్ను తినేస్తోంది మాస్టారూ," అంది. "మీరు అబద్ధమాడుతున్నారనుకుంటే తిట్టుకోవడానికి నాకో మనిషి మిగులుతాడు. నిజమే అనుకుంటే, ఆయన మీ పిలుపు విన్నాడు, పలికాడు, పలికి మీ వెనక రాలేదు. కావాలనే ఆగిపోయాడు."

"అలా అనకమ్మా."

"నేను అంటున్నానా? వీధి వీధంతా అంటోంది. బట్టలు కుట్టించుకున్న ప్రతి మనిషీ అంటోంది. పలికినవాడు దిగి రావడానికేం? ఇంట్లో పెళ్ళాం ఏమందో అని గుసగుసలు." ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. "ఏమన్నానో చెప్పనా? ఆయన పుట్టినరోజు కదా, ఈ ఒక్కసారికి ఇంట్లో ఉండండి, పిల్ల ఏడుస్తుంది అన్నాను. స్నేహితులు ఎదురుచూస్తారన్నాడు. అయితే ఆ కొండమీదే ఉండిపోండి, మళ్ళీ రాకండి అన్నాను. పెళ్ళైన పదేళ్ళలో నా మాట ఒక్కటి వినని మనిషి, ఆ ఒక్క మాటా విన్నాడు."

 కింద వీధిలో ఎవరో నీళ్ళ సీసా తీసి, ఎవరిదో అర్థంకాక గోడ మీద పెట్టి వెళ్ళిపోయారు.

చెల్లెలు వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు. నువ్వూ విన్నావుగా?"

తేలు కుట్టిన దొంగకి కనీసం కుట్టిన చోటు పట్టుకుని కూర్చునే వీలుంటుంది. వెల్డరుకి అదీ లేదు.

"విన్నాను," అన్నాడు.

ఆ ఒక్క మాటలో అబద్ధం లేదు. తన నోట్లోంచి వచ్చిందాన్ని తను వినకుండా ఎలా ఉంటాడు?

* * *

వాళ్ళు నలుగురు. నలుగురిలో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఒక కొండ. అది వాళ్ళ పండగ. పొద్దున్నే బయల్దేరి, పైన కేకు కోసి, ఉడకబెట్టిన గుడ్లు తిని, సాయంత్రానికి దిగి, కాళ్ళ నొప్పులతో వారం రోజులు గొప్పలు చెప్పుకోవడం.

మొదటి ఏడు ఫొటోలాయన పిట్టని ఫొటో తీస్తానని పక్కకి పోయి సగం రోజు దొరకలేదు. అప్పట్నుంచి మాస్టారు కట్టడి పెట్టాడు. దారి చీలిన ప్రతిచోటా లెక్క. నాలుగు అనే మాట పడేదాకా ఒక్కడు కదలకూడదు.

నాలుగో నంబరు టైలరుది. పొద్దస్తమానం మిషను తొక్కే కాళ్ళు, కొండ ఎక్కమంటే మొరాయించేవి. ఎప్పుడూ వెనకే. లెక్క ఆగిపోయేది, మాస్టారు క్లాసు పీకేవాడు, టైలరు ముఖం చిన్నబోయేది.

ఒకసారి టైలరే అన్నాడు. "బావా, నీకు అందరి గొంతులూ వచ్చుగా. నా నంబరు కూడా నువ్వే పడెయ్. నేను వెనకాలే వస్తూనే ఉంటాగా. ఈ మాస్టారి చీవాట్లు తప్పుతాయి."

వెల్డరు ముఖం పక్కకి తిప్పి, పెదాలు బిగించి, ఒక మూల నుంచి "నాలుగు" అన్నాడు. మాస్టారు ఈల జేబులో వేసుకుని నడిచాడు. పది నిమిషాల తర్వాత టైలరు రొప్పుకుంటూ వచ్చి, మాస్టారి వీపు వెనకనుంచి వెల్డరుకి కన్నుకొట్టాడు.

అది ఇద్దరి మధ్యే ఉన్న తమాషా. ఎన్నిసార్లు జరిగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కలు పెట్టే మాస్టారికి అసలు తెలియనే తెలియదు.

ఆ రోజు దిగేటప్పుడు వాన పట్టుకుంది. వానతో పాటు మంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదు. దారి చీలే చోట మాస్టారు ఈల ఊదాడు. ఒకటి. రెండు. మూడు. తర్వాత ఏమీ లేదు. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. వస్తాడులే, ఎప్పుడు రాలేదు గనక? వెల్డరు ముఖం పక్కకి తిప్పాడు.

అప్పటికి టైలరు రెండువందల అడుగుల దూరంలో, బండ కింద, కాలు విరిగి పడి ఉన్నాడు. కిందికి దిగాక గానీ అతను వెనక లేడని తేలలేదు; చీకట్లో వెతికినా కనపడలేదు, మరునాడు మధ్యాహ్నం దొరికాడు. తెల్లవారేదాకా ప్రాణం ఉందని డాక్టరు అన్నాడు. ఆ మాట డాక్టరు మెల్లగానే అన్నాడు. అయినా ఏడు వారాలుగా అది వెల్డరు చెవిలో ఈలలా మోగుతూనే ఉంది.

* * *

వెల్డరు మాస్టారితో కలిసి మెట్లు దిగాడు. సీసా గోడ మీదినుంచి తీసి ఇచ్చాడు.

"రేపు పదింటికి," అన్నాడు మాస్టారు సీసా సంచీలో పెడుతూ. "హెడ్మాస్టరు గదిలో నా మీద విచారణకి కూర్చుంటారు. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళే పని నా దగ్గర్నుంచి తీసేశారు, తెలుసుగా? రేపు తేలకపోతే బడి కూడా పోతుంది. నలుగుర్ని లెక్కపెట్టలేనివాడు నలభైమందిని ఏం లెక్కపెడతాడంటున్నారు. ఇరవైరెండేళ్ళలో ఒక్క పిల్లాడి మోకాలు చీరుకుపోలేదురా నా చేతిలో."

"ఫొటోలాయన వస్తాడా?"

"వాడిదో కథ. చెవుల మీదికి టోపీ లాక్కున్నాడట, సరిగా వినలేదట. భయపడుతున్నాడు పిరికి వెధవ. నువ్వొక్కడివే ఉన్నావు. వచ్చి ఆ ఒక్క మాట చెప్పు. నాలుగు వినపడిందని. అంతే."

"వస్తాలే."

మాస్టారు వెళ్ళబోయి ఆగాడు. "ఒరేయ్, ఒకటడుగుతాను. ఆ గొంతు వెనకనుంచి వచ్చిందా, పక్కనుంచి వచ్చిందా?"

"గాలిలో ఏం తెలుస్తుంది?"

"నాకు పక్కనుంచి వచ్చినట్టే గుర్తు. దగ్గరగా." కాసేపు రోడ్డు వైపు చూశాడు. "మంచులో చెవులు మోసం చేస్తాయిలే. నా తప్పు నాకు తెలుసు. రెండోసారి పిలవాల్సింది. పిలవలేదు. నాకూ చలేసింది. నేనూ తొందరగా దిగాలనుకున్నాను. ఈ మాట ఆ తల్లితో ఎలా అనను?"

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నిటారుగా నడిచే మనిషి, ఆ సంచీ బరువుకే వంగినట్టు కనపడ్డాడు. అందులో ఖాళీ సీసా తప్ప ఏమీ లేదు.

మంచివాడి మీద నింద పడితే ఇదే గొడవ. తన తప్పు కానిదాంట్లో కూడా తన వాటా వెతుక్కుంటాడు. అసలువాడు మాత్రం "వస్తాలే" అని ఇంటికెళ్ళి అన్నం తింటాడు.

* * *

అన్నం తినలేదు. కంచంలో గీతలు గీస్తున్నాడు.

"అది ఇనుము కాదు, అతికించడానికి," అంది భార్య. "తింటే తినండి, లేకపోతే తియ్యండి."

తియ్యలేదు. తినలేదు.

"ఏడు వారాలైంది," అంది ఆమె, గిన్నె మీద మూత పెడుతూ.

"ఏడు వారాలేనా?"

"మీ బావ పోయి కాదు. మీరు నన్ను వెక్కిరించి. పొద్దున లేస్తే నా గొంతుతో నన్నే తిట్టేవారు. పాలవాడి గొంతుతో తలుపు కొట్టి నన్ను పరుగెత్తించేవారు. ఏడు వారాలుగా ఈ ఇంట్లో మీ గొంతు ఒక్కటే వినపడుతోంది."

"చావు జరిగిన ఇంట్లో వెక్కిరింతలు ఆడమంటావా?"

"మీ నాన్న పోయిన మూడోరోజు ఆయన దగ్గు దగ్గి, ఏడుస్తున్నవాళ్ళందర్నీ నవ్వించింది మీరు కాదూ?"

అతను తలెత్తాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఏంటి నీ ఉద్దేశం?"

"నాకేం ఉద్దేశాలుంటాయి?"

"ఏదో తెలిసినట్టు మాట్లాడుతున్నావు."

"తెలియకూడదనే అడగట్లేదు," అంది భార్య. "అడిగితే మీరు చెబుతారు. చెబితే నేను అది తెలిసీ మీ చెల్లెలి ముఖం చూడాలి. నా వల్ల కాదు." కంచం అతని ముందునుంచి లాగేసుకుంది. "సాయంత్రం చిట్టి పుట్టినరోజు. మీ ఇష్టం వచ్చిన ముఖం పెట్టుకోండి గానీ, రావాలి. వదిన, అన్న కూడా లేకపోతే ఆ పిల్లకి ఇంకెవరున్నారని మీ చెల్లెలు అడిగితే నేనేం చెప్పను?"

కొళాయి కింద కంచం పెట్టి నీళ్ళు పూర్తిగా తిప్పింది. ఆ చప్పుడులో అతనేదో అన్నాడు. ఆమె వినలేదు. విన్నా వినలేదు.

* * *

టైలరు కూతురు చిట్టికి ఎనిమిదేళ్ళు నిండాయి. నీలం గౌను వేసుకుని మిషను పక్కన కూర్చుంది. ఆ గౌను టైలరు మొదలుపెట్టి, కొండ నుంచి వచ్చాక పూర్తి చేస్తానని మిషను మీదే వదిలిపోయినది. ఎడమ చెయ్యి ఆయన కుట్టింది. కుడి చెయ్యి తల్లి కుట్టింది. కుడిది కాస్త పైకి ఎగదన్నింది. పిల్ల ఆ భుజాన్ని ఊరికే కిందికి లాక్కుంటోంది.

చిన్న కేకు. ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల. పోయిన ఏడు ఇదే గదిలో నిలబడ్డానికి చోటు లేదు. ఫొటోలాయన కుర్చీ ఎక్కాడు, మాస్టారు ఈల ఊది కేకు కోయించాడు, వెల్డరు వాళ్ళిద్దర్నీ వాళ్ళ ముందే అనుకరించి పిల్లల్ని నవ్వులతో దొర్లించాడు.

చెల్లెలు కత్తి కోసం సొరుగు లాగి, కత్తితో పాటు కొలత టేపు కూడా బయటికి తీసింది. పసుపు రంగు టేపు. మధ్యలో నల్లటి మరక.

"అది ఎందుకు తీశావే ఇవాళ?" అంది వెల్డరు భార్య.

"చూడు వదినా." టేపుని చేతికి చుట్టుకుంది చెల్లెలు. "ఇరవైమూడో అంగుళం దగ్గర ముడి వేశాడు. విరిగిన కాలికి, మోకాలి పైన, గట్టిగా, రెండు ముళ్ళు. మీరు వెళ్ళినప్పట్నుంచీ దీన్ని చూస్తూ ఆలోచించాను. పోవాలనుకున్న మనిషి రక్తం ఆగడానికి కట్టు కట్టుకుంటాడా?"

"కట్టుకోడు," అంది వదిన. మొగుడి వైపు చూడలేదు.

"కట్టుకోడు కదా? బతకాలనుకున్నాడు. నా దగ్గరికి రావాలనుకున్నాడు. ఈ టేపు చెబుతోంది." ఆమె ముఖంలో ఏడు వారాల తర్వాత ఒక వెలుగు వచ్చి, వచ్చినట్టే ఆగింది. "మరి నాలుగు అని ఎందుకు పలికాడు? పడిపోయినవాడు బావా, పడ్డాను అంటాడు గానీ, నాలుగు అంటాడా అన్నయ్యా?"

వెల్డరు కేకు మీద కొవ్వొత్తులు సర్దుతున్నాడు. ఎనిమిది. సర్దినవే మళ్ళీ సర్దాడు.

"వెలిగిద్దామా ముందు," అన్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తీసే ఉంది. మాస్టారు గుమ్మం బయట ఆగాడు. చేతిలో తాడాట తాడు, రంగు కాగితంలో సగం చుట్టి ఉంది.

"లోపలికి రానులేమ్మా," అన్నాడు. "పిల్లకిది ఇచ్చి వెళ్ళిపోతాను. ఏటా వచ్చేవాణ్ణి కదా, కాళ్ళు ఇటే వచ్చాయి."

చెల్లెలు రమ్మనలేదు. పొమ్మననూ లేదు. చిట్టి పరుగెత్తి తాడు తీసుకుంది.

"మావయ్యా, ఇప్పుడు గొంతులు!" అంది వెనక్కి వచ్చి. "మాస్టారు కూడా వచ్చారుగా. ఈసారి గొంతులు చెయ్యవా?"

"ఇవాళ గొంతు బాగాలేదు బంగారం."

"అన్నీ వద్దు. ఒక్కటే. నాన్నది."



"నాన్న ముఖం నాకు గుర్తుంది," అంది చిట్టి, ఎగదన్నిన భుజాన్ని కిందికి లాక్కుంటూ. "ఫొటోలున్నాయిగా. గొంతు మర్చిపోతున్నాను మావయ్యా. నిన్న ఎంత ఆలోచించినా రాలేదు. గొంతుకి ఫొటో ఉండదుగా."

"చిట్టీ, మావయ్యని విసిగించకు," అంది వెల్డరు భార్య గబుక్కున. "రా, కేకు కోద్దాం."

"ఉండనీ వదినా." చెల్లెలు టేపు మడిచి మిషను మీద పెట్టింది.  "చెయ్యి అన్నయ్యా. నేనూ వింటాను. పిల్లకే కాదు, నాకూ కావాలి. నీ నోట్లో అచ్చం ఆయనే ఉండేవాడు. నేను వంటింట్లో ఉంటే ఎవరు పిలిచారో తెలీక ఎన్నిసార్లు పరుగెత్తుకొచ్చానో."

ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చిపోయింది. ఆమె గమనించలేదు. గుమ్మం బయట మాస్టారు గమనించాడు. రంగు కాగితం ముక్క ఒకటి అతని చేతిలోనే మిగిలిపోయింది. దాన్ని మడుస్తున్నవాడు మడవడం ఆపాడు.

"ఏమనమంటావే?" అన్నాడు వెల్డరు పిల్లతో. చిట్టీ, సూదులు తొక్కకు అనమంటే బాగుండును. బువ్వ తిన్నావా అనమంటే బాగుండును. ఆయన మాటలు వెయ్యి ఉన్నాయి. అందులో ఏదైనా సరే.

"కొండ మీద చెప్పేది," అంది చిట్టి. "నాన్న నంబరు. నాన్న ఇంట్లో కూడా చెప్పేవాడుగా, నేను కొండ మీద నాలుగోవాణ్ణి, అందరూ నా కోసమే ఆగుతారు అని."

భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, గిచ్చింది. వద్దు అని.

తన గొంతుతో ఆ నిజం చెప్పడానికి ఏడు వారాలుగా ప్రయత్నించాడు. కొట్టులో కళ్ళకి అద్దం పెట్టుకుని, నిప్పురవ్వల మధ్య, ఎవరూ వినకుండా చెప్పి చూశాడు. రాలేదు.  ఇవాళ పిల్ల అడుగుతోంది. ఇంకొకడి గొంతుతో చెప్పమని అడుగుతోంది. పిరికివాడికి ఇంతకంటే దగ్గరి దారి మళ్ళీ దొరకదు.

వెల్డరు ముఖం పక్కకి తిప్పాడు. కిటికీ వైపు. పెదాలు బిగించి, గుండుసూదులున్నట్టు ఒక మూల మాత్రం తెరిచాడు.

"నాలుగు."

చిట్టి చప్పట్లు కొట్టింది. "అదే! అదే నాన్న!" అని నవ్వింది, నవ్వుతూనే ఏడవడం మొదలుపెట్టింది.

 భార్య అతని మోచెయ్యి వదిలేసింది. గుమ్మం బయట మాస్టారు తలుపు చెక్క పట్టుకున్నాడు. అతని పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు అంటున్నట్టు కదిలి, ఆ పైన ఆగిపోయాయి.

చెల్లెలు చూస్తున్నది అన్న ముఖాన్ని కాదు. పక్కకి తిరిగి ఉన్న అతని మెడని. ఎటు తిరిగాడో, ఎందుకు తిరిగాడో, పక్కన నిలబడ్డవాడికి ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు ఉంటుందో. ఆమె చెయ్యి మెల్లగా మిషను మీద టేపు కోసం వెతికింది. దొరికింది. పిడికిట్లో బిగించింది.

మాస్టారి వైపు ఒక్కసారి చూసింది. పొద్దున సంచీ విసిరిన మనిషి చూసే చూపు కాదది.

"చిట్టీ, అత్తయ్యతో వంటింట్లోకి వెళ్ళమ్మా," అంది. ఆ తర్వాత అన్న దగ్గరికి వచ్చి నిలబడింది. అరవలేదు.

"ఇంకోసారి అను అన్నయ్యా," అంది. "ఈసారి నా వైపు తిరిగి అను."